దురియన్‌ని పనస లెక్కన కొనకు

ప్రశ్న: మాది అమలాపురం. సింగపూర్ వచ్చి రెండు నెలలైందండి. ఆఫీసులో అందరూ దురియన్ అనే ముళ్ళపండు తినమని ఒకటే పోరు. వాసనకే కడుపులో తిప్పుతోంది. కొని చూడమంటారా? సెలవులకి ఇంటికి పట్టుకెళ్ళొచ్చా?

జవాబు: తమ్ముడూ, నీ ప్రశ్న అంబాజీపేట దగ్గర మా ఊళ్ళో అరుగు మీద కూర్చుని చదివాను. నేనూ సెలవు మీదే ఉన్నాను. ఎదురుగా మావాడు కత్తికీ చేతులకీ కొబ్బరినూనె రాసుకుని పనసపండు కోస్తున్నాడు. అమ్మ తొనలు ఒలిచి గింజలు పక్కన పడేస్తోంది, రేపు పులుసులోకి. మన కోనసీమవాళ్ళు దురియన్ దగ్గర దెబ్బ తినేది ఇదిగో, ఈ పనస తెలుసన్న ధీమాతోనే.

నేను సింగపూర్‌లో 1999లో దిగాను. అప్పుడు వాళ్ళ డాలరుకి మన పాతిక రూపాయలు. ఇప్పుడు అరవై దాటింది, కాబట్టి నువ్వు నాకన్నా రెండింతలు జాగ్రత్తగా ఉండాలి. అక్కడి గేలాంగ్ అనే పేటలో ఒక సాయంత్రం దుకాణాల ముందు గుట్టలు పోసిన ముళ్ళకాయలు కనిపించాయి. అట్టముక్క మీద 8 అని రాసుంది. కాయ ఎనిమిది డాలర్లనుకున్నాను. పోనీ రెండొందలే కదా, ఊరి మీద బెంగ తీరుతుందని ఒకటి చూపించాను. వాడు తక్కెట్లో పెట్టాడు. రెండు కిలోల పైచిలుకు, పదిహేడు డాలర్లు. 8 అన్నది కిలోకట! నాలుగొందల పాతిక రూపాయలు. వెనక జనం నిలబడ్డారు, వద్దనడానికి నామోషీ వేసి ఇచ్చేశాను.

అంతటితో అయిపోతే బాగుండేది. కోసివ్వనా అని వాడు కత్తి చూపించి అడిగితే వద్దన్నాను. ఎందుకంటే నేను ఏరి మరీ గట్టిగా, వాసన తక్కువగా ఉన్నది పట్టాను. మన దగ్గర పనసకాయ తెచ్చి గడ్డిలో మాగేస్తాం కదా, అలాగే మాగేసి నాలుగు రోజులు తినొచ్చని లెక్క. మలేషియా తోటల్లో దురియన్‌ని చెట్టు మీద కొయ్యరు, పండి తనంతట తాను రాలాకే ఏరుతారని ఎవరు చెప్పారు నాకు? రాత్రి రాలింది మర్నాటికి దుకాణంలో ఉంటుంది. దానికింకా మాగేదేముంటుంది! థాయిలాండ్ వాళ్ళు కోసి పంపుతారు, ఆ కాయల సంగతి వేరు.

రైలు స్టేషన్‌లో దురియన్ బొమ్మ మీద ఎర్రగీత కొట్టిన బోర్డు ఉంటుంది. నాకు కనబడలేదు, గేటు దగ్గర వెనక్కి పంపారు. నిబంధనలు నీ ఫోన్లోనే దొరుకుతాయి, చూసుకో. టాక్సీకి డబ్బులెందుకని గదికి నడిచాను, ఏడు కిలోమీటర్లు. అడుగడుక్కీ సంచిలోంచి ముళ్ళు పిక్కకి గుచ్చుకుంటూనే ఉన్నాయి.

మంచం కింద పేపర్లు చుట్టి దాచాను. మూడో రోజుకి కాయ పగిలి, పులిసిన కల్లు కంపు కొట్టింది. గదిలో మిగతా ముగ్గురూ బయట పారెయ్యమని గొడవ. పారెయ్యలేదు. నాలుగొందల పాతిక! బాగున్నంత వరకూ ఏరుకుని తిన్నాను. ఆ రాత్రి కడుపు ఏమైందో నీకు చెప్పక్కర్లేదు.

అందుకని నువ్వు గదికి తేకు, దుకాణం దగ్గరే కోయించుకు తిను. బల్లలు వేసుంటాయి, చేతికి తొడుగులిస్తారు. డబ్బులిచ్చే ముందే కాయ తెరిచి చూపించమను. అడగడానికి సిగ్గుపడకు, మీ తరానికి మొహమాటం మాకన్నా తక్కువే అనుకుంటా. కాయ బరువులో తినేది మూడో వంతు కూడా ఉండదు, మిగతాదంతా తొక్కా గింజా. కిలో ధరని మూడుతో హెచ్చవేసుకుని అప్పుడు ఆలోచించు. డబ్బాల్లో ఒలిచి అమ్మేది ఖరీదనిపిస్తుంది గానీ, ఈ లెక్క వేస్తే తేడా అంత ఉండదు. నేను కాగితం మీద వేసి చూశాను. మావ్ షాన్ వాంగ్ అనే రకం కోసం అందరూ కలవరిస్తారు, మొదటిసారే దాని జోలికి పోకు. డి24 అనే రకంతో మొదలుపెట్టు. జూన్ నుంచి ఆగస్టు దాకా సీజను. కాయ ఎక్కువ పడ్డ రోజున ధర దిగుతుంది. రాత్రి దుకాణం కట్టేసే వేళకి వెళ్తే ఇంకాస్త దిగుతుంది. నేను ఇప్పటికీ ఆ వేళకే వెళ్తాను.

రుచా? పనస తొనలో ఉండే పీచూ కరకరా ఇందులో వెతక్కు. పైన మీగడలా ముడతలు పడ్డ పల్చటి పొర, లోపల ముద్ద. జున్నుకి ఉల్లిపాయ వాసన పట్టినట్టుంటుంది. చివర్న కాస్త చేదు తగులుతుంది, ఆ చేదు కోసమే ఎక్కువ డబ్బులిస్తారు. మొదటి తొన ఊపిరి బిగబట్టి మింగాను, మూడో తొనకి ముక్కు అలవాటు పడిపోయింది. ఇది వేడి, మాంగోస్టీన్ పండు చలవ, రెండూ కలిపి తినాలని అక్కడి పెద్దవాళ్ళంటారు. అచ్చం మన అమ్మమ్మల మాటే. తిన్నాక ఖాళీ డిప్పలో నీళ్ళు పోసి ఆ నీళ్ళతోనే చెయ్యి కడుక్కోమంటారు, వాసన పోతుందని. పైసా ఖర్చు లేనిది గనక అది మాత్రం తప్పకుండా చేస్తాను.

ఇంటికి పట్టుకెళ్ళే సంగతంటావా, విమానంలో పండు మోసే ఆలోచన మానుకో. ఈసారి నేను దురియన్ బిళ్ళల డబ్బా తెచ్చాను. నిన్న ఇదే అరుగు మీద మూత తీశాను. అమ్మ ముక్కు ఎగబీల్చి, ఏమీ మాట్లాడకుండా వంటింట్లోకెళ్ళి గ్యాసు సిలిండరు కట్టేసి వచ్చింది. ఒక్కరూ నోట్లో వేసుకోలేదు. డబ్బా పదకొండు డాలర్లు, మన లెక్కలో ఏడొందల పైమాట.