ఇటాలియన్ క్రియలో ఊనిక ఎక్కడ?

ప్రశ్న: ఇటాలియన్ నేర్చుకుంటున్నాను. ‘వారు మాట్లాడతారు’ అనే అర్థంలో నేను ‘పర్లానొ’ అంటే మా ఉపాధ్యాయురాలు ప్రతిసారీ ‘పర్లనొ’ అని సరిదిద్దుతున్నారు. ‘పర్లాతె’లో సాగే అచ్చు ఇక్కడ ఎందుకు సాగదు? అక్షరాలను ఎలా విడదీసుకోవాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: వర్తమాన కాల రూపాలను వరుసగా వల్లె వేసేటప్పుడు ‘పర్ల్యామొ’ (మాట్లాడతాం), ‘పర్లాతె’ (మాట్లాడతారు మీరు) అన్న రెండింటిలోనూ ఊనిక (ఒక అక్షరాన్ని మిగతావాటికంటే బలంగా పలకడం) ప్రత్యయం మీదికి జరుగుతుంది, ఆ ఊపులోనే నాలుక ‘పర్లానొ’ అనేస్తుంది. కానీ ప్రథమ పురుష బహువచనం తన ఏకవచనాన్నే అనుసరిస్తుంది. ‘పర్ల’కు ‘నొ’ చేర్చి, ఊనికను మొదటి అక్షరం మీదే ఉంచాలి. అందుకే ‘ఫోన్ చేస్తారు’ అనే ‘తె-లే-ఫొ-న-నొ’లో ఊనిక చివరి నుంచి నాలుగో అక్షరం మీద పడుతుంది. భూతకాలపు ‘పర్లావ’, ‘పర్లావనొ’ జంటదీ ఇదే తీరు. భవిష్యత్తులో మాత్రం ‘పర్లెర’ అన్న ఏకవచనంలో ఊనిక చివరి అక్షరం మీద ఉంటుంది కనుక, బహువచనం నకారం ద్విత్వమై ‘పర్లెరన్నొ’ అవుతుంది.

ఊనిక పడిన అచ్చు సాగడం, సాగకపోవడం అక్షర విభజనను బట్టి ఉంటుంది. పదంలో చివరిది కాకుండా, అచ్చుతో ముగిసే అక్షరం మీద ఊనిక పడితే అచ్చు సాగుతుంది. ‘పర్-లా-తె’లో జరిగేది అదే. ‘పర్-ల-నొ’లో ఊనిక ఉన్న ‘పర్’ హల్లుతో మూసుకుపోయింది కనుక అది సాగదు, గొంతు బలం మాత్రమే పెరుగుతుంది. ద్విత్వాక్షరాన్ని ‘లెగ్-గొ-నొ’ (చదువుతారు) అని రెండుగా చీల్చాలి. మన లిపి ‘గ్గొ’ను ఒకే అక్షరంగా చూపినా, సంయుక్తాక్షరానికి ముందున్నది గురువని ఛందస్సులో నేర్చిన చెవికి ఇది కొత్తేమీ కాదు. రాతలో విడదీసేటప్పుడు సకారం తర్వాత వేరే హల్లు వస్తే మాత్రం ఆ రెండూ తర్వాతి అక్షరానికే చెందుతాయి: ‘అ-స్పెత్-త-నొ’ (ఎదురుచూస్తారు).

పొరపాటు ఖరీదైన చోట్లూ ఉన్నాయి. ‘కా-పి-తొ’ అంటే అనుకోకుండా వస్తానని, ‘క-పీ-తొ’ అంటే అర్థమైందని, చివర ఊనిక ఉన్న ‘క-పి-తొ’ అంటే సంభవించిందని అర్థం. రాతలో ఊనిక గుర్తు తప్పనిసరిగా కనిపించేది ఈ మూడోదానిలోనే. మొదటి రెండూ ముద్రణలో ఒకేలా ఉంటాయి. తుమున్నర్థక రూపం (‘మాట్లాడటానికి’ లాంటిది) చూసి ధాతువులో ఊనిక ఎక్కడ పడుతుందో ఊహించడం కష్టం కనుక, కొత్త క్రియ ఎదురైనప్పుడల్లా నిఘంటువులో ఊనిక గుర్తుతో ఇచ్చే ఉత్తమ పురుష ఏకవచనాన్ని చూసి, దాన్నే ముందు కంఠస్థం చేయండి.