మిజెరేరె వద్దు, షూబర్ట్‌ని పట్టుకోండి

ప్రశ్న: మాస్టారూ, మా చర్చి క్వయర్‌లో ఆడవాళ్లం పద్నాలుగు మందిమి, మగవాళ్లు ముగ్గురే. అందులో ఒకాయనకి నైట్ షిఫ్టులు. ఈసారి సంఘ వార్షికోత్సవానికి పాశ్చాత్య సంగీతంలో పెద్దవాళ్లెవరైనా స్వరపరిచిన కీర్తన పాడాలని ఉంది. పిల్లలు యూట్యూబ్‌లో అల్లెగ్రి ‘మిజెరేరె’ విని అదే కావాలంటున్నారు. నాకేమో టెన్షన్. పైగా పాస్టరుగారు అది 51వ కీర్తన అంటున్నారు, వీడియో కింద 50 అని ఉంది. ఏది కరెక్టు?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: నంబరు సంగతి ముందు తేల్చేద్దాం అమ్మా. రెండూ రైటే. మన తెలుగు బైబిలుది హీబ్రూ లెక్క. గ్రీకు అనువాదంలో 9, 10 కీర్తనలు ఒకటిగా కలిసిపోయాయి, లాటిన్ బైబిలు ఆ లెక్కే పట్టుకుంది. అక్కణ్ణుంచి 147 దాకా చాలావరకు ఒక అంకె తక్కువగా నడుస్తుంది. 150 మాత్రం ఎక్కడైనా 150నే.

ఇక మిజెరేరె. రోములో పోపుగారి సిస్టీన్ చాపెల్ గాయకుల కోసం 1630ల్లో రాసింది అది. ఐదు గొంతుల బృందం ఒకటి, నాలుగు గొంతులది ఇంకొకటి ఉండాలి. 1770లో పద్నాలుగేళ్ల మొజార్ట్ దాన్ని విని, జ్ఞాపకం మీద రాసేశాడన్న కథ మీ పిల్లలకి తెలిసే ఉంటుంది. వాళ్లని పడేసింది ఆకాశానికెక్కే ఆ సోప్రానో (అన్నిటికన్నా పై గొంతు) స్వరమే అయ్యుంటుంది. అసలది అల్లెగ్రి రాసింది కాదు, తర్వాతి ప్రతుల్లో వచ్చి చేరింది. మీకున్న మగగొంతులతో నేనైతే దాని జోలికి పోను.

మీకోసమే రాసినట్టున్న పాట ఇంకోటుంది. షూబర్ట్ స్వరపరిచిన 23వ కీర్తన. 1820 డిసెంబరులో వియన్నాలో ఒక సంగీత ఉపాధ్యాయిని శిష్యురాళ్ల కోసం రాశాడు. రెండు సోప్రానోలు, రెండు ఆల్టోలు (ఆడవాళ్లలో కింది గొంతు), పియానో. మగగొంతు అక్కర్లేదు. జర్మన్ మాటలు యూదు తత్వవేత్త మోజెస్ మెండెల్సన్‌వి. కంపోజర్ ఫీలిక్స్ మెండెల్సన్‌కి ఈయన తాతగారు. నిదానమైన పాట. గాఢాంధకారపు లోయ దగ్గరికి వచ్చేసరికి మైనర్ వైపు, అంటే దిగులుగా వినిపించే స్వరాల వైపు తిరుగుతుంది. అక్కడ గొంతు పెంచనివ్వకండి.

జర్మన్‌లో పాడమని నేను చెప్పను, సభలో ఎవరికి అర్థమవుతుంది? తెలుగులోనే పాడండి. చిక్కల్లా ఒక్కటే. ‘గాట్ ఇస్ట్ మైన్ హిర్ట్’ అని నాలుగు అక్షరాలకి కట్టిన మొదలు, ‘యెహోవా నా కాపరి’లో ఏడు అక్షరాలకి సరిపోదు. కొన్ని స్వరాలని రెండుగా విరవాలి. పొడుగు స్వరం కిందికి హో, వా, నా, కా లాంటి దీర్ఘం వచ్చేలా చూసుకోండి. ‘రి’ని సాగదీస్తే ఏడ్చినట్టుంటుంది.

మీ కీబోర్డు అబ్బాయికి ఒక మాట. ఆటోమేటిక్ రిథమ్ ఆఫ్ చెయ్యమనండి. పియానో తనంతట తను పారుతూనే ఉంటుంది, దాని మీద డ్రమ్స్ పడితే షూబర్ట్ పోయినట్టే. నాలుగు ఫ్లాట్లు (స్వరాన్ని అర మెట్టు దించే గుర్తులు) చూసి భయపడి ట్రాన్స్‌పోజ్ బటన్‌తో శ్రుతి దించనివ్వద్దు, రెండో ఆల్టో వాళ్లు నేలకి దిగిపోతారు. ఇక్కడ తిరుపతిలో నా దగ్గరికి వచ్చే పిల్లలు మొదటి రోజే ఆ బటన్ మీదికి పోతారు!

మగవాళ్లు అలగకుండా మొదట కీర్తనని వాళ్లచేత చదివించండి. అమెరికా కంపోజర్ బెర్న్‌స్టీన్ 1965లో కీర్తనలకి కట్టిన ‘చిచెస్టర్ సామ్స్’లో ఒక పిల్లవాడు 23వ కీర్తన హాయిగా పాడుకుంటుంటే మగవాళ్లు 2వ కీర్తనతో మధ్యలో దూసుకొస్తారు. అది మాత్రం వాళ్లకి వినిపించకండి, ఐడియా వస్తుంది. వచ్చే ఏడాదికి ఇంకో నలుగురు మగవాళ్లు దొరికితే ఫీలిక్స్ మెండెల్సన్ 100వ కీర్తన చూద్దాం, 1844 నాటిది, వాద్యం లేకుండా పాడేది.

షూబర్ట్ పోయింది 1828లో, కాపీరైట్ బెడద లేదు. స్కోరు, అంటే స్వరాలు రాసిన ప్రతి, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. జిరాక్స్ తీయించేటప్పుడు ఖర్చు కలిసొస్తుందని ఒక షీటు మీద రెండు పేజీలు ఇరికించకండి. కళ్లద్దాల వాళ్లు రెండో ఆల్టోలోనే ఎక్కువ ఉంటారు.