బస్కీలా, బార్‌బెల్లా?

ప్రశ్న: మాస్టారూ, మా జిమ్‌లో స్క్వాట్ స్టాండ్ (గొంతుక్కూర్చుని లేచే ముందు, బరువుల బార్‌ని భుజాల ఎత్తున ఆనించి ఉంచేది) విరిగి రెండు నెలలైంది. ఓనరు పట్టించుకోడు. పాతకాలం వస్తాదులు కాళ్లకు బలం ఎలా తెచ్చుకున్నారు?
– ఓ పాఠకుడు, పెరంబూరు, చెన్నై

జవాబు: జర్మనీ నుంచి 1921లో అమెరికా వెళ్లిన వస్తాదు మిలో స్టైన్‌బోర్న్‌కి స్టాండే అక్కర్లేదు తమ్ముడూ! బరువులెక్కించిన బార్‌ని ఒక కొస మీద నిలబెట్టి, గొంతుక్కూర్చుంటూ భుజాల మీదికి వాల్చుకుని అలాగే లేచేవాడు. దించడమూ అదే దారి. నువ్వు చేయకు, నడుము పోతుంది.

మనవాళ్లవి బస్కీలు. గామా పహిల్వాన్ రోజూ వేలల్లో తీసేవాడని చెబుతారు. కిందికి దిగేటప్పుడు మడమలు లేస్తాయి, చేతులు ఊపుతూ పైకి రావాలి. కొండిత్తోపులో మా గురువుగారు లెక్క తప్పకుండా చింతగింజలు పెట్టేవారు, పది బస్కీలకు ఒక గింజ. మొదటిరోజే పౌరుషానికి పోయి 200 తీశాను. మర్నాడు మిద్దె మెట్లు కూర్చుని కూర్చుని దిగాను. మా మేనత్త ఇప్పటికీ నవ్వుతుంది.

నువ్వు 20 చొప్పున మూడు విడతలతో మొదలుపెట్టు. మోకాలు కలుక్కుమంటే ఆపెయ్. ఓనరుకి ఈ నెల ఫీజు ఆలస్యం చేసి చూడు, స్టాండ్ వచ్చేస్తుంది.