ఐడియాను డెవలపర్ల చేతికి పనిగా అందించే ఉద్యోగం: ఎలా సిద్ధమవ్వాలి?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్ చివరి ఏడాది చదువుతున్నాను. కోడింగ్ వచ్చు కానీ రోజంతా అదే చేయాలనిపించడం లేదు. ప్రొడక్ట్ ఐడియాలను రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్లుగా (సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో చెప్పే పత్రాలుగా), తర్వాత డెవలప్‌మెంట్ ప్లాన్‌గా మార్చే ఉద్యోగాలు ఉంటాయని సీనియర్లు చెప్పారు. ఇప్పుడు ఆ డాక్యుమెంట్లు ఏఐ రాసేస్తోంది కదా, అయినా ఈ దారిలోకి రావచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: రావచ్చు. అయితే ఇది రాత పని అనుకుని వస్తే నిరాశ తప్పదు. పేజీలు నింపడం ఏఐకి నిమిషాల పని. ఎవరూ అడగని ప్రశ్న అడగడం, దానికి జవాబు చెప్పే అధికారం ఎవరికుందో పట్టుకోవడం, ఆ నిర్ణయాన్ని ఇద్దరు రెండు రకాలుగా అర్థం చేసుకోలేని విధంగా రాసిపెట్టడం: కంపెనీలు జీతం ఇచ్చేది వీటికే.

ఒక చిన్న ఫీచర్ తీసుకుని చూద్దాం. ఒక క్లినిక్ యజమాని ‘అపాయింట్‌మెంట్ తీసుకుని రానివాళ్లు ఎక్కువైపోయారు, రిమైండర్ మెసేజ్ వెళ్లేలా చేయండి’ అన్నారనుకోండి. కొత్తవాళ్లు వెంటనే ‘సిస్టమ్ రోగికి రిమైండర్ పంపాలి’ అని రాసేసి తర్వాతి పాయింట్‌కు వెళ్లిపోతారు. కానీ ఎన్ని గంటల ముందు పంపాలి? 24 గంటలు అంటే, 6 గంటల ముందు బుక్ చేసుకున్నవాళ్ల సంగతేమిటి? రోగి రద్దు చేసుకున్నాక కూడా మెసేజ్ వెళ్తే? ఒకే ఫోన్ నంబరు మీద తల్లికీ బిడ్డకూ అపాయింట్‌మెంట్లు ఉంటే ఎవరి పేరుతో వెళ్లాలి? మెసేజ్ చేరకపోతే మళ్లీ ఎన్నిసార్లు పంపాలి? ‘రాలేను’ అని రోగి బదులిస్తే ఆ స్లాట్ ఎవరికి?

చివరి ప్రశ్న దగ్గరే అసలు విషయం బయటపడుతుంది. యజమాని బాధ మెసేజ్‌లు వెళ్లడం లేదని కాదు, స్లాట్లు ఖాళీగా పోతున్నాయని. అలాంటప్పుడు రిమైండర్ సగం పరిష్కారమే. ఖాళీ అయిన స్లాట్‌ను ఇంకొకరికి ఇవ్వగలగడం రెండో సగం. అందుకే డాక్యుమెంట్ మొదటి పేరాలో పరిష్కారం రాయొద్దు, సమస్య రాయండి. దాని పక్కనే కొలత ఉండాలి: ఫీచర్ రాకముందు నాలుగు వారాల్లో ఖాళీగా పోయిన స్లాట్ల శాతం ఎంత, వచ్చాక నాలుగు వారాల్లో ఎంత.

తర్వాత ఎవరి కోసం, ఈ వెర్షన్‌లో ఏముంటుంది, ఏముండదు, ఒక్కో రిక్వైర్‌మెంట్, వేగం, భద్రత లాంటి అంశాలు, ఇంకా తేలని ప్రశ్నలు వరసగా వస్తాయి. ఇంత ఫీచర్‌కు మూడు నాలుగు పేజీలు చాలు. వీటిలో కొత్తవాళ్లు తరచూ వదిలేసేవి రెండు. ఒకటి, ‘ఏముండదు’ అనే భాగం. ‘వాయిస్ కాల్ రిమైండర్లు ఈ వెర్షన్‌లో లేవు’ అన్న ఒక్క వాక్యం తర్వాత వారాల తరబడి వాదనను ఆపుతుంది. రెండోది, తేలని ప్రశ్నల పట్టిక. ప్రతి ప్రశ్న పక్కన జవాబు చెప్పాల్సిన మనిషి, గడువు తేదీ రాయాలి. మనిషి లేని ప్రశ్న అలాగే మిగిలిపోయి, చివరికి ఏ డెవలపరో రాత్రి పదింటికి తనకు తోచినట్టు తేల్చేస్తాడు.

రిక్వైర్‌మెంట్ వాక్యం ఎలా ఉండాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది: ఐఎస్‌ఓ/ఐఈసీ/ఐఈఈఈ 29148, 2018 ఎడిషన్. అందులోని లక్షణాల్లో మూడు గుర్తుంచుకుంటే ఇప్పటికి చాలు: ఒకే అర్థం రావాలి, ఒక వాక్యంలో ఒకే విషయం ఉండాలి, పరీక్షించి తేల్చగలగాలి. ‘త్వరగా’, ‘సులువుగా’, ‘మొదలైనవి’, ‘అవసరాన్ని బట్టి’ అన్న మాటలు కనిపిస్తే కొట్టేయండి. పై ఉదాహరణ ఇలా మారుతుంది: ‘అపాయింట్‌మెంట్‌కు 24 గంటల ముందు రోగి ఫోన్‌కు ఒక మెసేజ్ వెళ్లాలి.’ మరో వాక్యం: ‘బుకింగ్ జరిగే సమయానికే అపాయింట్‌మెంట్‌కు 24 గంటల కంటే తక్కువ ఉంటే రిమైండర్ వెళ్లకూడదు.’ ఇంకొకటి: ‘రద్దయిన అపాయింట్‌మెంట్‌కు రిమైండర్ వెళ్లకూడదు.’ వీటి కింద యాక్సెప్టెన్స్ క్రైటీరియా, అంటే పని సరిగ్గా అయిందని ఒప్పుకోవడానికి చూసే షరతులు: బుధవారం ఉదయం 10 గంటలకు అపాయింట్‌మెంట్ ఉంది, మంగళవారం 9:50కి రోగి రద్దు చేసుకున్నాడు, మంగళవారం 10 గంటలకు మెసేజ్ వెళ్లకూడదు. టెస్టర్ దీన్ని చదివి ఇంకేమీ అడగకుండా పరీక్షించగలడు. అందుకే టెస్టర్‌కు డాక్యుమెంట్ మొదటి డ్రాఫ్ట్‌లోనే చూపించాలి. లొసుగులు అందరికంటే ముందు పట్టేది వాళ్లే.

ప్రాధాన్యాలు పెట్టమంటే యజమాని అన్నీ ‘తప్పనిసరి’ అంటారు, అది మామూలే. పనులను నాలుగు వరసలుగా (తప్పనిసరి, ఉండాల్సినవి, ఉంటే మంచిది, ఈసారికి వద్దు) విడదీసే మాస్కో (MoSCoW) పద్ధతిలో, డీఎస్‌డీఎం అనే ప్రాజెక్టు నిర్వహణ విధానం వాళ్లు ఒక హద్దు సూచిస్తారు: తప్పనిసరి పనులు మొత్తం శ్రమలో 60 శాతం దాటకూడదు. దాటితే ఏదైనా ఆలస్యమైనప్పుడు వదులుకోవడానికి ఏమీ మిగలదు, విడుదల తేదీ జరపడం ఒక్కటే దారి అవుతుంది.

ఇక ప్లాన్. చాలామంది పనిని డేటాబేస్, సర్వర్, స్క్రీన్లు అని విడగొడతారు. అప్పుడు మూడు వారాలు గడిచినా నడిపి చూడటానికి ఏమీ ఉండదు, తేడాలన్నీ చివరి వారంలో ఒక్కసారిగా బయటపడతాయి. దాని బదులు నిలువుగా కోయండి, అంటే ప్రతి ముక్కా మొదటి నుంచి చివరి దాకా నడిచి చూపించేలా. మొదటి ముక్క: ఒకే డాక్టర్ అపాయింట్‌మెంట్లకు, మార్చలేని ఒకే మెసేజ్, కానీ బుకింగ్ నుంచి ఫోన్ దాకా నిజంగా వెళ్లాలి. రెండోది రద్దయినవాటిని ఆపడం. మూడోది చేరని మెసేజ్‌లను మళ్లీ పంపడం, క్లినిక్ సిబ్బందికి జాబితా చూపడం. నాలుగోది ‘రాలేను’ అన్న బదులు వస్తే స్లాట్ తెరవడం. ఒక్కో ముక్కలోని టాస్కులు రెండు మూడు రోజులు మించకుండా చూడండి. వారం పట్టే టాస్కు ‘90 శాతం అయిపోయింది’ అన్న దగ్గరే రోజుల తరబడి ఉంటుంది.

ఎన్ని రోజులు పడుతుందన్న ఎస్టిమేట్ ఆ పని చేసే డెవలపర్ ఇవ్వాలి, మీరు కాదు. మూడు అంకెలు అడగండి: అన్నీ కలిసొస్తే, మామూలుగా, అన్నీ ఎదురైతే. చేరని మెసేజ్‌లను మళ్లీ పంపే పనికి 3, 5, 13 రోజులు అన్నారనుకుందాం. మధ్య అంకెను నాలుగుతో గుణించి, మిగతా రెండూ కలిపి, 6తో భాగిస్తే 36/6, అంటే 6 రోజులు. ప్లాన్‌లో 6 వేసుకోండి, కానీ అసలు అడగాల్సింది 13 ఎందుకన్నారని. ‘మెసేజ్ పంపే సంస్థ సర్వర్ సరైన ఎర్రర్ ఇవ్వకపోతే, చేరిందో లేదో మనకు తెలియదు’ అంటే, అది మీ రిస్క్ జాబితాలో మొదటి వరస. ఆ సంస్థతో ఒప్పందం, మెసేజ్ పాఠానికి ఆమోదం వంటివి మన చేతుల్లో ఉండవు కాబట్టి అవి మొదటి రోజే మొదలవ్వాలి.

ఇంకో చోట లెక్క తప్పుతుంది. 12 రోజుల పనికి ఇద్దరిని పెడితే 6 రోజుల్లో అయిపోదు. మీటింగులు, కోడ్ రివ్యూ, పాత బగ్‌లు పోగా ఎనిమిది గంటల్లో ఐదారు గంటలే ఈ పనికి దొరుకుతాయి. పైగా రెండో ముక్క మొదటిదాని మీద ఆధారపడితే రెండో డెవలపర్ ఎదురుచూస్తూ కూర్చుంటాడు. ఏ టాస్కు దేనికోసం ఆగుతుందో గీసుకున్నాకే తేదీ చెప్పండి. మధ్యలో మార్పు వస్తే కాదనక్కర్లేదు. తేదీ, కారణం, ఎన్ని రోజులు పెరుగుతాయి, బదులుగా ఏది వెనక్కి వెళ్తుంది అన్నవి రాసి, ఒప్పుకున్నవారి పేరుతో డాక్యుమెంట్ చివర చేర్చండి.

సాధన ఇంట్లోనే చేయొచ్చు. రోజూ వాడే యాప్‌లో ఒక చిన్న ఫీచర్‌కు రెండు పేజీల డాక్యుమెంట్ రాయండి. ఆ యాప్ ఎప్పుడూ వాడని ఇద్దరు స్నేహితులకు విడివిడిగా ఇచ్చి, చదివి స్క్రీన్లు గీయమనండి. పక్కన కూర్చుని వివరించొద్దు. రెండు బొమ్మలు ఎక్కడ తేడాగా ఉన్నాయో అక్కడ మీ వాక్యం తప్పు. అది దిద్ది, ఇంకో ఇద్దరికి ఇవ్వండి. ఏఐతోనూ ఇలాంటిదే చేయండి: ఐడియా ఇచ్చి డాక్యుమెంట్ రాయించి, ప్రతి వాక్యం పక్కన ‘ఇది ఎవరు చెప్పారు?’ అని రాసుకోండి. ఎవరూ చెప్పని ‘24 గంటలు’, ‘మూడు ప్రయత్నాలు’ అందులో చక్కగా కూర్చుని ఉంటాయి. చూడటానికి సబబుగానే ఉంటాయి కాబట్టి ఎవరూ ప్రశ్నించరు, ఊహ కాస్తా నిర్ణయమైపోతుంది. వాటిని ఏరగలిగితే ఏఐ మీకు పోటీ కాదు, టైపింగ్ తగ్గించే సాధనం.

చదువు అవ్వగానే నేరుగా ప్రొడక్ట్ మేనేజర్ ఉద్యోగం దొరకడం అరుదు. అసోసియేట్ ప్రొడక్ట్ మేనేజర్ పోస్టులు ఉన్నా పోటీ ఎక్కువ. బిజినెస్ అనలిస్ట్, టెస్టింగ్, కస్టమర్ సపోర్ట్, ఒకటి రెండేళ్లు డెవలపర్‌గా చేయడం: ఇవి తెరిచి ఉండే తలుపులు. వీటిలో టెస్టింగ్‌ను చాలామంది చిన్నచూపు చూస్తారు కానీ రిక్వైర్‌మెంట్లు రాయడానికి అంతకంటే మంచి శిక్షణ లేదు. కోడింగ్ పూర్తిగా వదలొద్దు. డేటాబేస్‌ను ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్‌లో క్వెరీ రాసుకుని డేటా చూసుకోగలగాలి, ఏపీఐ (ఒక సాఫ్ట్‌వేర్ మరోదానితో మాట్లాడే మార్గం) డాక్యుమెంట్ చదివి అర్థం చేసుకోగలగాలి. సర్టిఫికెట్ కావాలనుకుంటే బిజినెస్ అనలిస్టుల అంతర్జాతీయ సంస్థ ఐఐబీఏ ఇచ్చే తొలి మెట్టు సర్టిఫికెట్ ఈసీబీఏకు ఉద్యోగానుభవం అక్కర్లేదు. అదే సంస్థ పైస్థాయి సర్టిఫికెట్ సీబీఏపీకి 7,500 గంటల అనుభవం అడుగుతుంది, దాని గురించి ఇప్పుడు ఆలోచించకండి. ఇంటర్వ్యూకు మాత్రం సర్టిఫికెట్‌తో పాటు ఆ రెండు పేజీల డాక్యుమెంట్, స్నేహితులు గీసిన బొమ్మలు, దిద్దిన రెండో వెర్షన్ పట్టుకెళ్లండి. ‘ఈ వాక్యం ఎందుకు మార్చారు?’ అని అడిగితే బొమ్మ చూపించి చెప్పొచ్చు.