అద్దం మీద నీళ్ళు ఆరనివ్వకు

మలక్‌పేట, హైదరాబాద్

చి. ల. సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

మొన్న మియాపూర్‌లో మీ గృహప్రవేశం రోజు సాయంత్రం హాల్లో కూర్చున్నప్పుడు పడమటి ఎండ కిటికీ మీద పడింది. నీ చేయి ఎటు తిరిగిందో అటల్లా అద్దం మీద వంకర చారలు. "రెండు గంటలు తుడిచాను పెదనాన్నా" అని నువ్వు చిన్నబుచ్చుకున్నావు. చుట్టాల హడావుడిలో అప్పుడు చెప్పడం కుదరలేదు. సుల్తాన్ బజార్‌లో 30 ఏళ్ళు అద్దాల దుకాణం నడిపినవాణ్ణి, నీకు చెప్పకపోతే ఎవరికి చెబుతాను!

నీ కష్టంలో లోపం లేదమ్మా, లోపమంతా నీళ్ళలో ఉంది. మీకు ఎక్కువగా వచ్చేవి బోరు నీళ్ళు. వాటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. కుళాయి మూతి చుట్టూ తెల్లగా పేరుకునేది అదే. నీరు ఆరిపోతుంది, లవణం అద్దాన్ని పట్టుకుని ఉండిపోతుంది. పైగా నువ్వు బకెట్ నిండా నురగ వచ్చేలా సబ్బు కలిపావు. ఆ సబ్బు పొర కూడా అక్కడే ఎండింది. ఎంత రుద్దినా పొరను అటూ ఇటూ జరిపినట్టే అవుతుంది. అద్దం మీది నీళ్ళను ఆరేలోపే లాగేయాలి. ఈ పనిలో అసలు కిటుకు ఇదే.

మంజీరా నది నీళ్ళు వచ్చినప్పుడు ఒక బకెట్ పక్కన పెట్టుకో. అంతకన్నా మంచివి ఏసీ పైపులోంచి కారే నీళ్ళు. గాలిలోని తేమ చల్లబడి నీరైంది కాబట్టి వాటిలో లవణాలు దాదాపుగా ఉండవు. పలుచని గుడ్డతో వడగట్టి వాడుకో. ఆర్‌ఓ మిషన్ బయటికి వదిలే నీళ్ళు మాత్రం అద్దానికి వద్దు. తాగే నీళ్ళలోంచి తీసేసిన ఉప్పంతా వాటిలోనే ఉంటుంది.

తడి తగిలించే ముందు పొడి దుమ్ము పోవాలి. మన ఊరు ఉన్నదే గ్రానైట్ మీద. మీ చుట్టూ ఇంకా కట్టడాలు సాగుతున్నాయి. ఆ దుమ్ములోని స్ఫటికపు రేణువులు గాజుకన్నా గట్టివి. వాటి మీద గుడ్డ వేసి రుద్దితే సన్నని గీతలు పడతాయి, అవి ఇక ఎప్పటికీ పోవు. కాబట్టి ముందుగా దోమల జాలీని మెత్తని బ్రష్‌తో దులుపు. తర్వాత కిటికీ రెక్క జరిగే గాడి చూడు. ఆ మట్టిని పాత టూత్‌బ్రష్‌తో ఎత్తెయ్యి. అద్దం చివరికి.

అర బకెట్ నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చుక్కలు, అంతే. వంటింటి కిటికీకి తాలింపు జిడ్డు పడుతుంది కాబట్టి దానికి గోరువెచ్చని నీళ్ళు వాడు. మెత్తని గుడ్డతో అద్దమంతా బాగా తడిపి, వెంటనే రబ్బరు వైపర్‌ను పై అంచున ఆనించి, ఎక్కడా ఆపకుండా కిందిదాకా ఒకే లాగు లాగు. లాగిన ప్రతిసారీ రబ్బరును పొడిగుడ్డతో తుడువు. ఇదే అందరూ మరిచిపోతారు. తుడవని రబ్బరు పాత నీళ్ళను మళ్ళీ అద్దానికే అంటిస్తుంది. రెండో లాగు మొదటిదాని మీద రెండు వేళ్ళంత ఎక్కాలి. మిగిలిన అంచుల తడిని ఎన్నో ఉతుకులు చూసిన నూలు పంచె ముక్కతో అద్దు. కొత్త గుడ్డ పోగులు వదులుతుంది. న్యూస్‌పేపర్‌తో తుడిస్తే సిరా మీ తెల్ల ఫ్రేములకు అంటుకుంటుంది. లోపలి వైపు అడ్డంగా, బయటి వైపు నిలువుగా తుడువు. చార కనిపిస్తే ఏ వైపుదో ఇట్టే తెలిసిపోతుంది.

ఎండ తగులుతున్న అద్దాన్ని ముట్టుకోకు. వైపర్ కిందికి దిగేలోపే పైన ఆరిపోతుంది. పడమటి కిటికీలు ఉదయం, తూర్పువి సాయంత్రం చేసుకో.

స్నానాల గదిలో పాత తెల్ల మచ్చలకు వెనిగర్, నీళ్ళు సమంగా కలిపి గుడ్డ తడిపి పది నిమిషాలు అంటించి, కడిగెయ్యి. ఏళ్ళ తరబడి గాజును తినేసిన మచ్చ అయితే పోదు, దానికోసం చేతులు నొప్పి పెట్టుకోకు. కిటికీ కింద తాండూరు బండ వేయించారు కదా, అది సున్నపురాయి. వెనిగర్, నిమ్మరసం పడితే మెరుపు పోతుంది. యాసిడ్ అల్యూమినియాన్ని తినేస్తుంది, దగ్గరికి రానివ్వకు. బ్లీచింగ్‌తో వెనిగర్‌ను గానీ యాసిడ్‌ను గానీ ఎప్పుడూ కలపకు, విషవాయువు వస్తుంది.

ముఖం చూసుకునే అద్దం సంగతి వేరు. ఒకసారి ఒక తల్లి పెళ్ళినాటి బీరువా అద్దం తెచ్చింది. కింది అంచు పొడవునా నల్లగా మసిబారి, ఆ మసి వేలెడంత పైకి పాకింది. రోజూ నేరుగా దాని మీదే నీళ్ళు చల్లేదట. జారిన నీరు అంచులోంచి వెనకపూతలోకి దిగింది. పూత మళ్ళీ వేయలేం, కొత్త అద్దం కోసి ఇచ్చాను. ఆమె మాత్రం ఆ పాత ముక్కను కాగితంలో చుట్టుకుని పట్టుకెళ్ళింది. అందుకే నీళ్ళు గుడ్డకు చల్లు, అద్దానికి కాదు.

మీది ఆరో అంతస్తు. బయటి అద్దం కోసం స్టూలెక్కి వంగావని నాకు తెలిస్తే నిద్ర పట్టదు. గదిలో నిలబడి పొడవు కర్ర వైపర్‌కు అందినంతే చెయ్యి. అందనిది అలా ఉండనీ.

ఆదివారం ఉదయం ఎనిమిదికి వస్తున్నాను. నా వైపర్ తెస్తాను. ఏసీ పైపు కింద శనివారం రాత్రే బకెట్ పెట్టు.

ఇట్లు,
మీ పెదనాన్న