పెన్షన్ ఆగిపోతుందని ఫోనొస్తే?

ప్రశ్న: మా నాన్నగారు రైల్వేలో రిటైరయ్యారు, కాజీపేటలో ఉంటారు. "మీ లైఫ్ సర్టిఫికెట్ అప్‌డేట్ కాలేదు, పెన్షన్ ఆగిపోతుంది, ఫోన్‌కి వచ్చిన ఓటీపీ చెప్పండి" అని ఎవరో ఫోన్ చేశారట. పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) నంబరు, రిటైరైన తేదీ కూడా కరెక్టుగా చెప్పడంతో నాన్నగారు నమ్మేశారు. సమయానికి నేను పక్కనే ఉండి కట్ చేయించాను. మళ్లీ చేస్తే ఏం చేయాలి?

జవాబు: మాట్లాడకుండా పెట్టేయమనండి. ఈ దొంగలు ముందే వివరాలన్నీ సంపాదించుకుని మరీ ఫోన్ చేస్తారు కాబట్టి పీపీఓ నంబరు చెప్పినంత మాత్రాన ఆఫీసువాళ్లని అనుకోకూడదు. అసలు లైఫ్ సర్టిఫికెట్‌ని, అంటే పెన్షనరు బతికే ఉన్నారని ఏటా ఇచ్చే ధ్రువపత్రాన్ని, ఫోన్ కాల్‌లో ఓటీపీ చెప్పించుకుని అప్‌డేట్ చేసే పద్ధతే లేదు. కేంద్ర పెన్షనర్లు నవంబరులో, 80 దాటినవాళ్లయితే అక్టోబరు నుంచే, బ్యాంకులోనో పోస్టాఫీసులోనో ఇవ్వొచ్చు, ప్రభుత్వ జీవన్ ప్రమాణ్ యాప్‌లో ముఖం చూపించి ఇంట్లోనే పూర్తి చేయొచ్చు, కదల్లేనివాళ్లయితే పోస్ట్‌మ్యాన్‌ని ఇంటికే పిలిపించుకోవచ్చు. వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) పంపినా తెరవొద్దు, ఓటీపీ అడగడం కంటే అదే ప్రమాదం.

ఒకవేళ డబ్బు పోతే, పెద్దవాళ్లు పిల్లలు తిడతారేమోనని దాచేస్తుంటారు, తిట్టకండి బాబూ, ముందు వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించి, బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించండి.