రన్‌బుక్ రాస్తున్న మేనకోడలికి

అమ్మలూ,

రుషికొండ ఆఫీసులో డేటాబేస్ రన్‌బుక్ (సిస్టమ్ పాడైతే అడుగడుగునా ఏం చెయ్యాలో చెప్పే కాగితం) రాసే పని నీకు అప్పజెప్పారని మీ అమ్మ చెప్పింది. సంతోషించాను, ఆ వెంటనే గుండెల్లో రాయి పడింది. దాన్ని ఎవరూ తీరిగ్గా కాఫీ తాగుతూ చదవరు తల్లీ. రాత్రి రెండింటికి సైటు పడిపోయి, మేనేజరు ఫోన్లో అరుస్తుంటే చదువుతారు.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. అడుగుకి ఒకే పని. కమాండ్‌ని స్క్రీన్‌షాట్‌గా పెట్టకు, కాపీ చేసుకునేలా ఇవ్వు. పాస్‌వర్డులు రాయకు. పైన వెర్షనూ, ఆఖరుసారి నడిపి చూసిన తేదీ వెయ్యి.

అందరూ ఎగ్గొట్టేది ఒకటుంది: కమాండ్ కొట్టాక తెరమీద ఏం కనిపిస్తుందో రాయరు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో (ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైటు) జరిగింది చూడు. వెనకబడిపోయిన రెప్లికాకి (నకలు డేటాబేస్ సర్వర్) ప్రైమరీ (అసలు సర్వర్) నుంచి డేటా మళ్లీ ఎక్కించాలి. అందుకు పీజీ బేస్‌బ్యాకప్ అనే కాపీ కమాండ్ కొడితే ఉలుకూ పలుకూ లేదు. ప్రైమరీ డేటా పంపడం మొదలెట్టేదాకా అది అలా మౌనంగానే ఉంటుంది. ఆ ముక్క వాళ్ల రన్‌బుక్‌లో స్పష్టంగా లేదు. రెప్లికాలోని పాత డేటా డైరెక్టరీ (ఫైళ్ల ఫోల్డరు) అడ్డొస్తోందనుకుని ఇంజనీరు దాన్ని తుడిచేశారు, తీరా చూస్తే అది ప్రైమరీది! ఒకటి రెండు సెకన్లలో తేరుకుని ఆపేసరికే 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. రోజువారీ బ్యాకప్ ఉందా అంటే, 9.6 వెర్షన్ డేటాబేస్ మీద 9.2 వెర్షన్ పీజీ డంప్ (బ్యాకప్ తీసే ప్రోగ్రాం) నడుస్తూ ఎప్పట్నుంచో ఫెయిలవుతోంది. ఆరుగంటల క్రితం తీసిన స్నాప్‌షాటే (ఆ క్షణానికి డిస్కు నకలు) దిక్కయింది. ఇంజనీరుని తిట్టి ఏం లాభం? నేనైతే ఆ రాతనే తిడతాను.

అందుకని ఆ కమాండ్ దగ్గర ఇలా రాయి: “నాలుగైదు నిమిషాలు ఏమీ కనిపించకపోవచ్చు. ప్రైమరీలో చెక్‌పాయింట్ (మెమరీలోని మార్పుల్ని డిస్కులో రాయడం) పూర్తవ్వాలి. ఆగిపోయిందనుకుని కంట్రోల్ సీ కొట్టొద్దు.” చెక్‌పాయింట్‌ని ఫాస్ట్‌లో పెట్టి, ప్రోగ్రెస్, వెర్బోస్ ఆప్షన్లు (పని ఎంతయిందో, ఏం జరుగుతోందో చూపేవి) కలిపితే ఆ మౌనం చాలావరకు తగ్గుతుంది. ఎంతసేపటికీ కదలకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలో కూడా రాయి.

తుడిచే కమాండ్ ఉన్నచోట హెచ్చరిక దాని పైన ఉండాలి, కింద కాదు. కంగారులో ఉన్న మనిషి చదివిన లైను చదివినట్టే కొట్టేస్తాడు. ముందు హోస్ట్‌నేమ్ (ఏ సర్వర్‌లో ఉన్నామో చెప్పే కమాండ్) కొట్టించి, రావలసిన పేరు పక్కనే రాయి. వేరే పేరొస్తే అక్కడితో ఆగమను. డిస్కులో చోటుంటే అసలు తుడవద్దు, డైరెక్టరీ పేరు మార్చి పక్కన పెట్టమను.

ఇంకోటి, నవ్వకు. వైజాగ్‌లో ఉంటూ 2014 అక్టోబరు 12ని మరిచిపోకూడదు. హుద్‌హుద్ తుఫాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, సెల్ సిగ్నల్ లేదు. నీ రన్‌బుక్ ఆఫీసు వికీలో (అందరూ రాసుకునే వెబ్ పేజీల్లో), ఆ వికీ పడిపోయిన సర్వర్‌లోనే ఉంటే ఏం చేస్తావు? ప్రింటు తీసి, ఫోన్ నంబర్లు జతచేసి, ఒక కాపీ ఆఫీసు బయట ఉంచు. వెర్షన్ మారినప్పుడల్లా పాత ప్రింటు చింపి కొత్తది పెట్టు.

రాయడం అయ్యాక టీములో కొత్తగా చేరినవాళ్ల చేత టెస్ట్ సర్వర్ మీద చేయించు. నువ్వు పక్కన కూర్చో, నోరు మాత్రం విప్పకు (నీకది కష్టమేలే). వాళ్లు ఎక్కడ ఆగి నీవైపు చూస్తే అక్కడ ఒక లైను తక్కువైందని గుర్తుపెట్టుకో. తర్వాత ఆ కాగితం పట్టుకుని ఆదివారం భోజనానికి రా, ఎర్రపెన్నుతో కూర్చుంటాను.

మీ మామయ్య